ఒకే పద్దు పుస్తకం, రెండు చరిత్రలు: తొలినాళ్ల అమెరికా ఆర్థిక మార్పుపై ఎవరి మాట నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎంఏ కోసం 1790 నుంచి 1860 దాకా అమెరికాలో వచ్చిన ఆర్థిక మార్పుల గురించి చదువుతున్నారు. ఒక పుస్తకమేమో మార్కెట్ వచ్చి పల్లె రైతునూ చేతిపనివాణ్ణీ ముంచేసిందంటోంది. ఇంకో పుస్తకంలో అదే కాలం, అవే కాలువలు, అవే మిల్లులు, కానీ జనం బతుకులు బాగుపడ్డాయని ఉంది. "రాసినవాళ్ల భావజాలాన్ని బట్టి ఒకరిని పక్కన పెట్టేయొచ్చా? పక్షపాతం లేని పుస్తకం ఒక్కటి చెప్పండి" అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరడిగిన పుస్తకం లేదు. అలాగని అందరూ ఒకటే అనుకోవద్దు. రచయిత ఏ పక్షమో తెలిసినంత మాత్రాన పుస్తకం తప్పని తేలదు. తన వాదనకు అడ్డొచ్చే ఆధారాన్ని ఆయన ఏం చేశారో చూడాలి. ఈ రంగంలో పచ్చి అబద్ధాలు రాసినవాళ్లు తక్కువ. కథ ఏ ఏడాది దగ్గర మొదలుపెట్టారు, సగటు దేని మీద కట్టారు, ఎవరి కాగితాలు చదివారు అన్న మూడు చోట్ల పక్షపాతం దూరుతుంది.

నేను హైదరాబాద్‌లో ఎంఏ చేసి ఇక్కడికి వచ్చాను. పద్దెనిమిదేళ్లుగా అమెరికాలో ఒక చిన్న కాలేజీలో ఇదే పాఠం చెబుతున్నాను. సిద్ధాంతం కంటే ముందు నా చేత్తో తిప్పిన ఒక పుస్తకం గురించి చెబుతాను.

మసాచుసెట్స్‌లో ఒక పాత కాగితాల భాండాగారంలో 1790ల నాటి రైతు లెక్కల పుస్తకం చూశాను. తోలు అట్ట, గోధుమరంగుకి తిరిగిన సిరా. మన పాత షావుకార్ల చిట్టా, ఆవర్జా చూసినవాళ్లకి వెంటనే అర్థమయ్యే పద్ధతే. ఎడమ పేజీలో పొరుగువాడు మనకివ్వాల్సింది, కుడి పేజీలో అతని నుంచి మనకు ముట్టింది. ఎద్దుల జతతో అర పూట దున్నకం, ఇన్ని షిల్లింగులు. ఒక జత బూట్లు. ఒక బుషెల్ రై ధాన్యం. "మీ అబ్బాయి రెండు రోజుల కోత". అప్పటికే దేశానికి డాలర్ వచ్చేసింది, కానీ న్యూ ఇంగ్లండ్ రైతులు చాలా ఏళ్లపాటు షిల్లింగుల్లోనే రాసుకున్నారు, ఒక డాలర్‌కి ఆరు షిల్లింగుల లెక్కన. నాలుగైదేళ్లకోసారి ఇద్దరూ కూర్చుని, ఈ రోజు దాకా ఉన్న లెక్కలన్నీ చూసుకుని సరిచేసుకున్నాం అని రాసి, కింద ఇద్దరూ సంతకాలు పెట్టేవాళ్లు. అన్నేళ్లు నిలిచిన బాకీకి ఆ పేజీలో వడ్డీ లేదు.

ఇలాంటి పుస్తకాలు చదివే 1970ల్లో మైఖేల్ మెరిల్, జేమ్స్ హెన్రెట్టా లాంటివాళ్లు ఒక మాటన్నారు. ఇది మార్కెట్ కాదు, ఇరుగుపొరుగుల చేబదులు. రైతు లాభం కోసం కాకుండా కుటుంబం నిలబడటం కోసం, పిల్లలకు భూమి మిగల్చడం కోసం పని చేశాడు. షిల్లింగులనేవి గుర్తు పెట్టుకోవడానికి వేసుకున్న కొలత, అంతే.

ఇదే రకం పుస్తకాలను, 1750 నుంచి 1855 దాకా ఉన్నవాటిని, వినిఫ్రెడ్ రోథెన్‌బర్గ్ పెద్ద సంఖ్యలో పోగుచేసి ధరలు మాత్రం విడిగా రాసుకున్నారు. ఒక ఊరి ధరకీ ఇంకో ఊరి ధరకీ మధ్య తేడా 1780ల తర్వాత తగ్గుతూ వచ్చింది. పల్లె ధరలు న్యూయార్క్, ఫిలడెల్ఫియా ధరలతో కలిసి కదిలాయి. ఉత్త చేబదులే అయితే ఎక్కడో దూరాన ఉన్న నగరంలో ధర మారినప్పుడు ఈ పేజీలో అంకె ఎందుకు మారాలి అని ఆమె ప్రశ్న.

ఒకే రకం కాగితాలు. మొదటివాళ్లు బాకీ తీర్చుకున్న తీరు చూశారు, రెండో ఆవిడ ధర కదిలిన తీరు చూశారు. రెండూ ఆ పేజీల్లో నిజంగా ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, ధరల విషయంలో రోథెన్‌బర్గ్ వాదన గట్టిది. కానీ ధర మార్కెట్‌ది అయినంత మాత్రాన మనిషి మనసు కూడా మార్కెట్‌ది అయిపోయిందనడానికి అది చాలదు. గుంటూరు మిర్చి యార్డు ధరకే పక్కింటివాళ్లకి మిరపకాయలిచ్చి, డబ్బు మాత్రం పండక్కి ఇవ్వండి అనే రైతులు మనకు తెలియనివాళ్లేమీ కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నా పరిశోధన మొదటి ప్రతిలో నేను మొదటి పక్షం. ఇరుగుపొరుగు లెక్కల పేజీలన్నీ ఓపిగ్గా ఎత్తి రాసుకున్నాను. అదే పుస్తకంలో ఆ రైతు బండి కట్టుకుని బోస్టన్‌కి వెన్న, పంది మాంసం తీసుకెళ్లి అమ్మిన పద్దులు నాలుగు పేజీలున్నాయి. అవి చూశాను, తిప్పేశాను. దాచాలని కాదు, అవి నా ప్రశ్నకు సంబంధించినవిగా నాకు అనిపించలేదు. మా గైడ్ అసలు పుస్తకం తెప్పించుకుని చూసి, "ఈ పేజీలు నీ అధ్యాయంలో ఏవి?" అని అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఆ అధ్యాయం మొత్తం తిరగరాయడానికి ఏడాది పట్టింది. అప్పటినుంచి ఎవరి పుస్తకం చదివినా ముందుగా "తిప్పేసిన పేజీలు ఎక్కడుండొచ్చు" అనే చూస్తాను.

మొదలుపెట్టే ఏడాది. మీరు చదివిన మొదటి పుస్తకం చార్ల్స్ సెల్లర్స్ 1991లో అచ్చు వేసిన 'ది మార్కెట్ రెవల్యూషన్' అయి ఉండాలి, రెండోది డేనియల్ వాకర్ హౌ 2007లో తెచ్చిన 'వాట్ హాథ్ గాడ్ రాట్'. ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అమెరికా చరిత్ర వరుసలో ఈ కాలానికి సంబంధించిన సంపుటాన్ని మొదట సెల్లర్స్‌నే రాయమన్నారు. ఆయన రాసింది ఆ వరుసలో కాకుండా విడిగా వచ్చింది. ఆ ఖాళీని తర్వాత హౌ పుస్తకం నింపింది, దానికి పులిట్జర్ కూడా వచ్చింది.

సెల్లర్స్ 1815లో, బ్రిటన్‌తో యుద్ధం ముగిసిన చోట మొదలుపెడతారు. అక్కడ నిలబడి చూస్తే మార్కెట్ ఉన్నట్టుండి వచ్చి పడ్డ వరదలా కనిపిస్తుంది. హౌ కూడా 1815 నుంచే కథ చెప్పినా, మార్కెట్ అంతకుముందు శతాబ్దంలోనే ఉందనీ, ఈ కాలంలో కొత్తగా వచ్చింది పత్రికలు, తపాలా, టెలిగ్రాఫ్ తెచ్చిన సమాచార విప్లవమనీ అంటారు. అందుకే 1844లో మోర్స్ పంపిన టెలిగ్రాఫ్ సందేశాన్నే పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు. 1750 నుంచి చూస్తే నిజంగానే అది వరదలా ఉండదు, మెల్లగా ఎక్కే నీరులా ఉంటుంది.

ఇద్దరి అభిమానాలూ దాపరికం లేనివే. సెల్లర్స్ బర్క్‌లీ ప్రొఫెసర్, పౌరహక్కుల ఉద్యమంలో 1961 ఫ్రీడమ్ రైడ్స్‌లో, అంటే వర్ణవివక్షను ధిక్కరిస్తూ చేసిన బస్సు యాత్రల్లో, అరెస్టయిన మనిషి. హౌ తన పుస్తకాన్ని, అధ్యక్ష పదవికి ఆండ్రూ జాక్సన్‌తో పోటీపడ్డ జాన్ క్విన్సీ ఆడమ్స్ స్మృతికి అంకితమిచ్చారు. ఇప్పుడు మీ "భావజాలాన్ని బట్టి పక్కన పెట్టొచ్చా" అన్న ప్రశ్నను వీళ్ల మీద పెట్టి చూడండి. పౌరహక్కుల కోసం జైలుకెళ్లిన సెల్లర్స్ సానుభూతి 1830ల్లో అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ వైపు. ఆ జాక్సన్ స్వయంగా బానిసల యజమాని, 1830లో ఆదివాసీల తరలింపు చట్టం మీద సంతకం పెట్టినవాడు. మార్కెట్ మేలు చేసిందనే హౌ మాత్రం ఆ తరలింపునూ జాక్సన్ పార్టీలోని తెల్లజాతి అహంకారాన్నీ చాలా కటువుగా రాశారు. ఎడమ, కుడి అని చీటీలు అంటించుకుని చదివితే ఈ విషయం కనపడకుండానే పోతుంది.

జాక్సన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 1945లో ఆర్థర్ ష్లెసింజర్ జూనియర్ రాసిన 'ది ఏజ్ ఆఫ్ జాక్సన్'లో జాక్సన్ బ్యాంకుల మీద పోరాడిన కార్మికుల నాయకుడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1930ల మాంద్యంలో తెచ్చిన న్యూ డీల్ పథకాలను అభిమానించిన తరం, తన నాయకుడి పూర్వీకుణ్ణి అక్కడ చూసుకుంది. అంత పెద్ద పుస్తకంలో చెరోకీ ఆదివాసీల తరలింపు గురించి దాదాపు ఏమీ లేదు. పన్నెండేళ్ల తర్వాత, ఫెడరల్ రిజర్వ్‌లో పనిచేసిన బ్రే హామండ్ అదే బ్యాంకు యుద్ధాన్ని, అంటే అప్పటి కేంద్ర బ్యాంకును జాక్సన్ పడగొట్టిన కథను, రాస్తే అందులో జాక్సన్ మనుషులు కార్మికులు కారు, పాత ధనికుల మీద కన్నేసిన కొత్త వ్యాపారులు. కేంద్ర బ్యాంకులో పనిచేసిన మనిషికి కేంద్ర బ్యాంకును పడగొట్టడం తప్పుగానే కనిపిస్తుంది కదా. కానీ ఇద్దరూ 1837 ఆర్థిక సంక్షోభం ఆ బ్యాంకు గొడవ నుంచే వచ్చిందన్న పాత నమ్మకాన్ని కదిలించలేదు. దాన్ని కదిలించింది 1969లో పీటర్ టెమిన్. బ్యాంకుల నిల్వల లెక్కలు తీసి, 1830ల్లో ధరలు పెరగడానికి మెక్సికో వెండి దేశంలోకి వచ్చి అక్కడే నిలిచిపోవడం పెద్ద కారణమని చూపించారు. ఎవరూ వెళ్లి చూడని లెక్కను చూడటం వల్ల వాదన కదిలింది.

చార్ల్స్ బియర్డ్ గురించి ఎక్కువ చెప్పను, మీ సిలబస్‌లో ఎలాగూ ఉంటుంది. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు తమ దగ్గరున్న ప్రభుత్వ బాండ్ల విలువ కాపాడుకోవడానికే రాశారని 1913లో అన్నారు. ఆయన వాడిన ఖజానా రికార్డుల్లో చాలా భాగం ఆ రాజ్యాంగం రాసిన 1787 సభ తర్వాత సంవత్సరాలవి. 1950ల్లో రాబర్ట్ బ్రౌన్, ఫారెస్ట్ మెక్‌డొనాల్డ్ ఈ వాదనను దాదాపు కూలదోశారు. అయినా ప్రతినిధుల ఆస్తిపాస్తులు చూడాలి అన్న ప్రశ్న మాత్రం బియర్డ్ వల్లే మిగిలింది.

ఇక అసలు కష్టమైన చోటుకి వస్తాను. పత్తి, బానిసత్వం. మీరు ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. 1790 జనాభా లెక్కల్లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860కి దాదాపు 40 లక్షలయ్యారు. అప్పటికి దేశం ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. ఇది పక్కన పెట్టి ఆర్థిక మార్పు గురించి రాసిన ఏ పుస్తకమైనా కుంటిదే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ రంగాన్ని ఏలినది జార్జియాలో పుట్టిన యూ.బి. ఫిలిప్స్. 1918 నాటి ఆయన పుస్తకంలో బానిసల తోట ఒక బడి లాంటిది, యజమానికి దానివల్ల పెద్దగా లాభం కూడా లేదు. ఆయన చదివినవి ఎక్కువగా యజమానుల కాగితాలు. "లాభం లేదు" అన్న మాటలో ఒక రాజకీయం దాగుంది: ఎలాగూ దానంతట అదే పోయేదే, యుద్ధం అనవసరం అని. 1958లో కాన్రాడ్, మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కకట్టి అది లాభసాటి వ్యాపారమేనని తేల్చారు.

1974లో రాబర్ట్ ఫోగెల్, స్టాన్లీ ఎంగర్‌మన్ 'టైమ్ ఆన్ ది క్రాస్' తెచ్చారు. కంప్యూటర్లు, అంకెలు, మాకు భావజాలం లేదు లెక్కే ఉంది అన్న ధీమా. అందులో ఒక అంకె మీకు తప్పకుండా తగులుతుంది. లూసియానాలో బెనెట్ బారో అనే తోట యజమాని డైరీ రాసుకున్నాడు, ఎవరిని కొట్టించాడో జాబితాతో సహా. రెండేళ్లలో 160 సార్లు. దాన్ని వాళ్లు తోటలో పనిచేసే ఒక్కో బానిసకి ఏడాదికి సగటున 0.7 సార్లు అని రాశారు. 0.7 అంటే ఒకటి కూడా కాదు. చదివినవాడికి "ఫర్వాలేదే" అనిపిస్తుంది.

హెర్బర్ట్ గట్‌మన్ అదే డైరీ తెరిచారు. 160ని రెండేళ్ల రోజులతో భాగించారు. నాలుగున్నర రోజులకో మనిషి కొరడా దెబ్బలు తింటున్నాడు. బారో దగ్గర బానిసలు దాదాపు 200 అని వాళ్లు వేసిన లెక్క కూడా తప్పు, ఆ సమయానికి 129 మందే అని చూపించారు. పైగా అందరినీ ఒకేసారి కొట్టించిన రోజులు డైరీలో వేరే చోట ఉన్నాయి, ఆ జాబితాలోకి రాలేదు. ఇప్పుడు తోటలో నిలబడి చూడండి. కొరడా భయం పెట్టడానికి ఉంది. నా వంతు ఏడాదికి ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ ఏ మనిషీ బతకడు, ఈ వారం ఎవరి అరుపు విన్నాడో అదే గుర్తుంటుంది. సగటు ఏ అంకెతో భాగించి కట్టారన్నది లెక్కల విషయంలాగే ఉంటుంది, కానీ అది ఎవరి కళ్లతో చూస్తున్నామన్న విషయం. దీని గురించి చెప్పేటప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు క్లాసులో గొంతు మారిపోతుంది.

ఇక్కడితో ఆపేస్తే నేను కూడా పేజీలు తిప్పేసినవాణ్ణే అవుతాను. అటువైపు తప్పు కూడా అంత పెద్దదే జరిగింది. 2014లో బానిసత్వం మీద ఎడ్వర్డ్ బాప్టిస్ట్ పుస్తకం వచ్చింది. 1836 పత్తి పంట విలువ దాదాపు 7.7 కోట్ల డాలర్లు, దేశ ఉత్పత్తిలో దాదాపు 5 శాతం అని ఆయనే మొదలుపెడతారు. తర్వాత భూమి కొనుగోళ్లు, బానిసల అమ్మకాలు, అప్పులు, మిల్లుల సరుకు ఒకదాని మీద ఒకటి కూడుకుంటూ పోయి, 60 కోట్లు దాటించి, ఆర్థిక కార్యకలాపాల్లో దాదాపు సగం అంటారు. పత్తి అమ్మిన డబ్బుతోనే బానిసను కొంటే ఆ డబ్బును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. బీకాం మొదటి ఏడాది పిల్లలు కూడా పట్టుకునే తప్పు. మంచి పక్షాన నిలబడి చేసినా తప్పు తప్పే, ఎందుకంటే బానిసత్వం ఘోరం అని చెప్పడానికి ఆ అంకె అవసరమే లేదు.

ఇంకో వివాదం ఉంది. 1801 నుంచి 1862 వరకు ఒక మనిషి రోజుకి ఏరే పత్తి దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. ఇది కొరడా వల్లే అని బాప్టిస్ట్. అలన్ ఆల్మ్‌స్టెడ్, పాల్ రోడ్ తోటల లెక్కల పుస్తకాలు చూసి, మెక్సికో నుంచి వచ్చిన విత్తనంతో తయారైన కొత్త రకాల వల్ల అంటారు, వాటి కాయ పెద్దది, బాగా విచ్చుకుంటుంది. పత్తి తీసిన చెయ్యి ఉన్న మన ఆదిలాబాద్, గుంటూరు ఆడవాళ్లను అడిగితే కాయ విచ్చుకోవడానికీ, రోజుకి తీసే కిలోలకీ ఉన్న సంబంధం ఒక్క మాటలో చెబుతారు. పెరుగుదలకు పెద్ద కారణం విత్తనమే అని నేను నమ్ముతున్నాను. అయితే బానిసగా పన్నెండేళ్లు గడిపి బయటపడ్డ సాలమన్ నార్తప్ 1853లో రాసింది పక్కన పెట్టుకోండి. రోజుకి 200 పౌండ్ల పత్తి ఏరడం మామూలు వంతు. చీకటి పడ్డాక బుట్ట తీసుకుని, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ కొట్టానికి తూకం కోసం వెళ్లాలి. తక్కువ తూగితే దెబ్బలు. ఎక్కువ తూగితే రేపటి వంతు పెరుగుతుంది. కొత్త విత్తనం తెచ్చిన పెంపు ఆ తూకం దగ్గర ఎవరి చేతికి వెళ్లిందో ఆ బుట్ట చెబుతుంది. విత్తనం అన్నవాళ్లకీ కొరడా అన్నవాళ్లకీ ఇద్దరికీ ఆ పేజీలో చోటుంది.

2014లోనే ఒక పేరున్న బ్రిటిష్ పత్రిక బాప్టిస్ట్ పుస్తకాన్ని సమీక్షిస్తూ, ఇందులో నల్లవాళ్లు దాదాపు అందరూ బాధితులు, తెల్లవాళ్లు దాదాపు అందరూ దుర్మార్గులు అని తప్పుపట్టి, నిరసన రాగానే సమీక్షను వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. ఆ పుస్తకంలో నిజంగా ఉన్న లెక్కల లోపాన్ని వదిలేసి, బానిసత్వం గురించిన పుస్తకంలో బానిసలు బాధితులని ఫిర్యాదు చేశారు. పక్షపాతాన్ని విమర్శించడంలోనూ పక్షపాతం ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకంటే నికార్సయిన ఉదాహరణ నాకు దొరకలేదు.

మన వైపు నుంచి ఒక్క మాట. 1861–65 అంతర్యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పత్తి ధర ఎగసింది, యుద్ధం అయిపోగానే పడిపోయింది. కర్నూలు, బళ్లారి నల్లరేగడి పొలాల దాకా ఆ మిసిసిపీ కథ వచ్చింది. మీ డిసర్టేషన్‌కి అంశం ఇంకా తేల్చుకోకపోతే ఆలోచించండి, జిల్లా మాన్యువళ్లతో మొదలుపెట్టొచ్చు.

ఎవరి మీద సగటు కడుతున్నారు అన్నదానికి న్యూయార్క్ రాష్ట్రంలో తవ్విన ఎరీ కాలువను కూడా ఉదాహరణగా పెట్టుకోండి. 1817లో మొదలై 1825లో పూర్తయింది, 363 మైళ్లు. బఫలో నుంచి న్యూయార్క్‌కి టన్ను రవాణా దాదాపు 100 డాలర్ల నుంచి 10కి లోపు దిగింది. న్యూయార్క్ వర్తకుడికి ఇది పండగ. అదే కాలువ మీద వచ్చిన పడమటి గోధుమలతో మసాచుసెట్స్ కొండ రైతు పోటీ పడలేకపోయాడు. అతని కూతురు అదే రాష్ట్రంలోని లొవెల్ బట్టల మిల్లుకి వెళ్లింది. చేతికి జీతం వచ్చింది, కూలి కోసేస్తే 1834లో, వసతిగృహం ఖర్చు పెంచితే 1836లో సమ్మె కూడా చేసింది. ఆ మగ్గం మీద ఆడిన నూలు బానిసలు ఏరిన పత్తిదే. ఇక ఆ కాలువ తవ్విన నేల హోడెనోషోనీ (ఇరాక్వా) ఆదివాసీ తెగలది. "దేశం బాగుపడింది" అన్న వాక్యంలో దేశం అంటే వీళ్లలో ఎవరు అని పక్కన పెన్సిల్‌తో రాసుకోండి.

దీనికి తోడు ఎత్తుల లెక్క ఒకటుంది. ఆదాయం పెరుగుతున్న అదే దశాబ్దాల్లో పుట్టిన తెల్లజాతి మగవాళ్ల సగటు ఎత్తు తగ్గింది. మార్కెట్ ముంచింది అనేవాళ్లకి ఇది బ్రహ్మాస్త్రం. కానీ ఆ కొలతలు ఎక్కువగా సైన్యంలో చేరినవాళ్లవి, మంచి కూలి దొరికే రోజుల్లో సైన్యానికి ఎవరు వెళతారు అన్న అభ్యంతరం ఇంకా తీరలేదు. పరీక్షలో రాస్తే రెండూ రాయండి.

మీరు పుస్తకం ఒక్కటే అడిగారు, నేను వరుస చెబుతాను. సెల్లర్స్, హౌ ఇద్దరి పుస్తకాల్లోనూ 1830ల బ్యాంకు అధ్యాయాలు మాత్రం ఒకే వారంలో చదవండి. తర్వాత ఫోగెల్ పుస్తకంలో ఆ 0.7 ఉన్న పేజీ, దాని పక్కనే గట్‌మన్ జవాబు. ఆ తర్వాత వాళ్లెవరినీ నమ్మకుండా బారో డైరీ మీరే తెరవండి. 1943లోనే అచ్చయింది, పెద్ద లైబ్రరీల్లో దొరుకుతుంది. జాబితా చివర్లో ఉంటుంది, కానీ ముందు రోజువారీ పద్దులు చదువుకుంటూ అక్కడికి రండి. వాన, పత్తి, వేట, ఎవరికి జ్వరం, ఎవరిని కొట్టించాను, అన్నీ ఒకే సిరాతో ఒకే వరుసలో ఉంటాయి. అది చదివాక 0.7 మీకు ఎలా కనిపించిందో ఇక్కడే రాయండి, చూస్తాను.